నూట నలభై ఏడో పుస్తకం

నవంబరు 23, 1903. సోమవారం.

ఈ ఏడాది దెయ్యం ఇంకా దొరకలేదు.

క్రిస్మస్ ముందురోజుకి నెల రోజులే ఉంది. పదకొండేళ్లుగా ఆ సాయంత్రం కాలేజీ అధ్యాపకులందరూ నా గదికి వస్తున్నారు. దీపాలన్నీ ఆర్పేసి, ఒక్క కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని, ఆ ఏడు రాసిన దెయ్యం కథ చదువుతాను. అవగానే అందరిదీ ఒకటే మాట: "బాగుంది పెల్‌హామ్, కానీ పోయినేడాదిదే ఎక్కువ భయపెట్టింది." పోయినేడాది కూడా ఇదే అన్నారు. ఈ వరసన వెనక్కి వెళితే నా మొదటి కథకి ఇద్దరు ముగ్గురైనా పోయి ఉండాలి. గణితం చెప్పే గిబ్బన్స్ అయితే రెండో పేజీకే గురక పెడతాడు.

నిజంగా భయపడేది నా గదులు ఊడ్చే మిసెస్ టిబ్బెట్ ఒక్కతే. తలుపు వెనక నిలబడి వింటుంది. వినలేదంటుంది.

"ఈసారి ఎవరయ్యగారూ?" అంది పొద్దున్న బూడిద ఎత్తుతూ.

"ఇంకా తేల్చుకోలేదు."

"పోయినసారి నీళ్ల జగ్గులోంచి చెయ్యి వచ్చిందన్నారు. ఏడాది నుంచీ జగ్గు కళ్లు మూసుకుని తోముతున్నా. ఈసారి కాస్త నేను ముట్టుకోని సామాన్లో పెట్టండి."

దెయ్యం సంగతి ఎలా ఉన్నా కేటలాగు పూర్తయింది. మా సెయింట్ వుల్‌స్టన్ కాలేజీ గ్రంథాలయంలోని రాతప్రతులన్నిటికీ వివరమైన పట్టిక. పన్నెండేళ్లు పట్టింది. మొత్తం మూడు వందల పన్నెండు. ప్రతి పుస్తకాన్నీ చేతిలోకి తీసుకుని, పత్రాలు లెక్కపెట్టి, తోలు చూసి, ఒక్కో చీటీ మీద రాసుకుని పెట్టెలో వేసుకున్నాను. ఆ పద్ధతి నేర్పింది మిస్టర్ క్రేన్. నలభై ఒక్కేళ్లు ఈ గ్రంథాలయం ఆయన చేతిలో ఉంది. "చేత్తో పట్టుకోని పుస్తకం గురించి ఒక్క ముక్క రాయకు" అనేవారు. ఇప్పుడు ఎనభై నాలుగు నిండాయి, చూపు లేదు. కేటలాగు ఆయనకే అంకితం.

నవంబరు 26

అచ్చయిన ఫారాలు వచ్చాయి. ఇక బైండింగే మిగిలింది. ఎంత ముచ్చటగా ఉన్నాయో. మధ్యాహ్నమంతా నా వాక్యాలు నేనే చదువుకుంటూ కూర్చున్నాను. పాఠం చెప్పాల్సిన సంగతి మర్చిపోయాను. పిల్లలు ఫిర్యాదు చెయ్యలేదు.

ఒక ప్రతి క్రేన్ గారింటికి పంపాను. ఆయన తమ్ముడి కూతురు హెస్టర్ రోజూ మధ్యాహ్నం చదివి వినిపిస్తానంది. ఒకటి అచ్చాఫీసువాళ్లే ప్రొఫెసర్ లూడ్లోకి సమీక్ష కోసం పంపారట. ఆయన అవతలి ఊరి విశ్వవిద్యాలయంలో ఉంటారు. ఇరవై ఏళ్లుగా నేను అచ్చువేసిన ప్రతిదాంట్లోనూ తప్పు పట్టారు. ఈసారి పట్టరు. పట్టలేరు.

నవంబరు 28

దెయ్యం లేదు. జలుబు వచ్చింది.

డిసెంబరు 1

లూడ్లో ఉత్తరం. మొదటి పేజీ అంతా పొగడ్త, అప్పుడే నాకు అనుమానం రావలసింది. రెండో పేజీలో ఇలా ఉంది:

"మీ నూట నలభై ఏడో సంఖ్య సాధువు హెర్వెన్ చరిత్ర. ఇది ఎనభై ఎనిమిది పత్రాలని రాశారు. ఎనభై ఆరే. చివరి పత్రం మీద ఉన్న మనిషి బొమ్మకి ముఖం గోటితో గీకేశారని రాశారు. గోటితో కాదు, కత్తితో. ఇరవై రెండేళ్ల కిందట నేను మీ గ్రంథాలయంలో ఆ పుస్తకాన్ని స్వయంగా పరిశీలించాను. ఈ సంగతి నా సమీక్షలో ప్రస్తావించక తప్పదు, మన్నించండి."

ఒళ్లు మండిపోయింది. ఎనభై ఆరా. పత్రాలు లెక్కపెట్టడం నాకు చేతకాదనా. కేటలాగు తీసి నూట నలభై ఏడు చదివాను. 'ఎనభై ఎనిమిది' అని స్పష్టంగా ఉంది. వర్ణన కూడా దివ్యంగా ఉంది: "బొమ్మలో ముఖం ఉండవలసిన చోట గోటి గీతలు, గీకినవాడు ఆగకుండా గీకినట్టు తెలుస్తుంది." మిగతా మూడు వందల పదకొండింట్లో ఇంత మంచి వాక్యం లేదు. ఏ మూడ్‌లో రాశానో.

లూడ్లో ముఖాన కొడదామని తాళంచెవి తీసుకుని గ్రంథాలయానికి వెళ్లాను. నూట నలభై ఆరు ఉంది. దాని పక్కన నూట నలభై ఎనిమిది ఉంది. అటూ ఇటూ వెతికాను. వెనక వెతికాను. నిచ్చెనెక్కి పై అరలూ, మోకాళ్ల మీద కింది అరలూ చూశాను. టీ వేళ దాటిపోయింది.

నిచ్చెన దిగుతుంటే ఆఖరి మెట్టు మీద గుర్తొచ్చింది.

ఇవాళ్టికి ఇక రాయను.

డిసెంబరు 2

ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం కాబట్టి రాస్తున్నాను.

మూడేళ్ల కిందట ఒక దెయ్యం కథ మొదలుపెట్టాను. ఒక పాత పుస్తకం, దాని చివర ముఖం లేని బొమ్మ, ఆ పుస్తకం చదివినవాళ్లకి అద్దంలో... సరే, అది కుదరలేదు, చించేశాను. కానీ కథలో పుస్తకం నమ్మకంగా ఉండాలని దానికో చీటీ రాశాను. నా చీటీ పెట్టెలోవే, అదే కొలత, అదే సిరా, అదే పద్ధతి. పత్రాలు ఇన్ని, తోలు ఇలాంటిది, ఫలానా మఠం నుంచి వచ్చింది. నిజం చీటీల మధ్య పెడితే ఎలా కనిపిస్తుందో చూద్దామని పెట్టెలో పెట్టాను. చాలా బాగా కనిపించింది. తియ్యడం మర్చిపోయాను.

తరవాత సంఖ్యలు వేశాను. ముద్రణకి పంపాను. మూడు సార్లు ప్రూఫు దిద్దాను. మూడోసారి ఆ వర్ణనలో ఒక కామా కూడా సరిచేశాను.

సాధువు హెర్వెన్ అనేవాడే లేడు. ఆ పేరు నేను క్షవరం చేసుకుంటూ పుట్టించాను.

ఇందులో నా తప్పేమీ లేదని అనుకుంటున్నాను. చీటీలన్నీ ఒకే కొలతలో ఉండటమే తప్పు.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. నేను పుట్టించిన పుస్తకాన్ని లూడ్లో ఇరవై రెండేళ్ల కిందట స్వయంగా పరిశీలించాడట. పైగా అందులో రెండు పత్రాలు తక్కువట. కత్తిగాట్లట. కుర్చీలో పడి నవ్వాను. మిసెస్ టిబ్బెట్ చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"దొరికిందా అయ్యగారూ దెయ్యం?"

"దొరికింది మిసెస్ టిబ్బెట్. అవతలి ఊళ్లో ప్రొఫెసర్‌గా పనిచేస్తోంది."

ఆమె వెళ్లాక నవ్వు ఆగిపోయింది. ఆయన అబద్ధం బయటపెట్టాలంటే ముందు నాది బయటపెట్టాలి. ఒక్క పుస్తకం లేనిదని తెలిస్తే మిగతా మూడు వందల పదకొండింటినీ ఎవరు నమ్ముతారు? పన్నెండేళ్లు.

డిసెంబరు 3

లూడ్లోకి జవాబు రాశాను. ఏమీ తేల్చకుండా, కృతజ్ఞతలు చెప్పి ఊరుకుందామనే కూర్చున్నాను. ఒట్టు. కానీ 'ఎనభై ఆరు' అన్నది కళ్లముందు ఆడుతుంటే కలం ఆగలేదు. "పత్రాలు ఎనభై ఎనిమిదే. మీరు చూసేటప్పుడు రెండు పత్రాలు ఒకదానికొకటి అంటుకుని ఉండవచ్చు. గోటి గీతల విషయంలో నాకు సందేహమే లేదు" అని రాశాను. పోస్టు కూడా చేశాను.

ఎందుకు చేశాను?

డిసెంబరు 6, ఆదివారం

క్రేన్ గారింటికి టీకి వెళ్లాను. తలుపు తీసిన హెస్టర్ ముఖం వాడిపోయి ఉంది.

"రండి పెల్‌హామ్ గారూ. పెదనాన్న పడుకునే ఉన్నారు. మూడు రోజులుగా సరిగా తినట్లేదు."

"ఒంట్లో బాలేదా?"

"ఒళ్లు బానే ఉంది." గొంతు తగ్గించింది. "మీ కేటలాగేనండీ. నూట నలభై ఆరు దాకా ఎంత సంబరంగా విన్నారో. నేను పేరు చదవగానే, ఆగు, దానికి ఎడం పక్క అట్ట మీద మైనం మరక ఉంటుంది అనేవారు. నూట నలభై ఏడు చదివాను. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. ఇప్పటికి పదిహేడు సార్లు చదివా. గుర్తు రావట్లేదంటారు. నలభై ఒక్కేళ్లు నా చేతికింద ఉన్న పుస్తకం గుర్తు రావట్లేదంటే ఇక నా పని అయిపోయిందే అంటారు."

నేను కోటు విప్పుతూ ఉండిపోయాను. ఒక చెయ్యి లోపలే ఉంది.

"మా నాన్నకి ఇలాగే మొదలైంది" అంది హెస్టర్. "మొదట ఒక పేరు మర్చిపోయారు. చివరికి ఇంట్లో కుక్కని గుర్తుపట్టేవారు, నన్ను గుర్తుపట్టేవారు కాదు. పెదనాన్న అదంతా దగ్గరుండి చూశారు. ఆయన భయం అదే."

లోపల ఆయన దిండుకి ఆనుకుని కూర్చున్నారు. నా అడుగుల చప్పుడు పట్టి, "పెల్‌హామ్, కూర్చో" అన్నారు. "ఆ హెర్వెన్ పుస్తకం. తోలు ఏ రంగు నాయనా?"

చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను.

"తెలుపండీ" అన్నాను.

ఆయన చాలాసేపు వేళ్లు కదిపారు. పుస్తకం అట్ట తడుముతున్నట్టు. "లేదు నాయనా. రావట్లేదు" అన్నారు.

నాకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అయినా రెండు బన్నులు తిన్నాను. హెస్టర్ బాధపడుతుందని తిన్నాను. ఇంటికొచ్చాక ఆ తెలుపు రంగు నేను ఎప్పుడు నిర్ణయించానా అని ఆలోచించాను. చీటీలో రంగే లేదు. అక్కడికక్కడే పుట్టించాను.

డిసెంబరు 7

రేపు వెళ్లి చెప్పేస్తాను.

డిసెంబరు 8

రేపు.

డిసెంబరు 9

వర్షం. ఆయనిల్లు నాలుగు వీధుల అవతల. గొడుగు బాగుచేయించడానికి ఇచ్చాను. రెండో గొడుగు ఉంది కానీ అది ఎండకాలం జల్లులకి పనికొచ్చేది.

డిసెంబరు 10

వేరే దారి తట్టింది. ఆ పుస్తకం లేకపోవడమే కదా సమస్య. ఉంటే?

పాత బైండింగుల్లోంచి ఊడిన ఖాళీ తోలు పత్రాలు తొమ్మిది నా దగ్గర ఉన్నాయి. సరదాకి, కేవలం సరదాకి, ఒకదాని మీద ఐదు వందల ఏళ్ల కిందటి దస్తూరీలో నాలుగు వరసలు రాశాను. చెయ్యి తిరిగినవాడి రాతలా వచ్చింది. ముఖం గీకేసిన బొమ్మ కూడా వేశాను. గోటితోనే గీకాను, కత్తి ముట్టుకోలేదు.

మిసెస్ టిబ్బెట్ భుజం మీంచి తొంగి చూసింది. "ఏంటయ్యగారూ, అక్షరాలు మళ్లీ మొదట్నుంచి నేర్చుకుంటున్నారా?"

సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆ పత్రాన్ని పొయ్యిలో వేశాను. తోలు కాలితే ఎంత కంపు కొడుతుందో అప్పటిదాకా నాకు తెలియదు. గిబ్బన్స్ పక్కగదిలోంచి వచ్చి, ముక్కు మూసుకుని, ఎవరు పోయారని అడిగాడు.

"పుస్తకం" అన్నాను.

"ఏ సబ్జెక్టు?" అన్నాడు. అంతకన్నా వాడికి అక్కర్లేదు.

డిసెంబరు 14

లూడ్లో రెండో ఉత్తరం. అంటుకున్న పత్రాల మాట ఆయనకి నచ్చలేదు. "ఆ పుస్తకం స్పర్శ ఇప్పటికీ నా వేళ్లకి గుర్తుంది" అని రాశారు. ఇరవై మూడున స్వయంగా వచ్చి, నా ఎదురుగా పత్రాలు లెక్కపెడతారట. మా కాలేజీ పెద్ద ఆయన్ని మర్నాటి సాయంత్రం నా కథకి కూడా పిలిచేశారు. "లూడ్లో లాంటి పండితుడు నీ కథ వినడం నీకే గౌరవం పెల్‌హామ్" అన్నారు కారిడార్‌లో. అవునండీ అన్నాను.

కథ లేదు. పుస్తకం లేదు. పండితుడు మాత్రం వస్తున్నాడు.

డిసెంబరు 16

మధ్యాహ్నం హెస్టర్ నా గదికి వచ్చింది. ఎప్పుడూ రాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిసంచిలోంచి ఒక తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. గ్రంథాలయానిది. క్రేన్ గారు పదవి దిగినా అది ఆయన దగ్గరే ఉంచమని కాలేజీ తీర్మానం చేసింది. తొమ్మిదేళ్లుగా మెళ్లో తాడు కట్టుకుని వేసుకుంటున్నారు.

"ప్రొఫెసర్ లూడ్లో పెదనాన్నకి కూడా ఉత్తరం రాశారు" అంది. "ఆ పుస్తకం మీ చేతుల మీదుగానే నాకు ఇచ్చారు, గుర్తుందా అని. ఇద్దరు పండితులు చూసిన పుస్తకం నాకు గుర్తు లేదు, నేను పోయినట్టే అన్నారు. మతిలేనివాడి దగ్గర తాళంచెవి ఉండకూడదు, పెల్‌హామ్‌కి ఇచ్చెయ్ అన్నారు. తాడు నేను విప్పబోతే, ఉండు, నేనే విప్పుతా అన్నారు. అరగంట పట్టింది ముడి."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "క్రిస్మస్ ముందురోజు మీ గదికి రారట. నవ్వులపాలవుతానంటున్నారు" అని చెప్పి వెళ్లిపోయింది.

తాళంచెవి వెచ్చగా ఉంది.

నాకు కాలేజీలో ఇరవై ఏడేళ్ల పరువుంది. దాన్ని ఒక ముసలాయన మెడలోంచి ఊడబెరికి కాపాడుకుంటున్నాను. ఛీ.

డిసెంబరు 17

చెప్పేశాను.

పొద్దున్నే వెళ్లాను. వర్షం పడుతోంది, గొడుగు లేకుండా వెళ్లాను. క్రేన్ గారు కుర్చీలో కూర్చుని గోడవైపు తిరిగి ఉన్నారు. హెస్టర్ కిటికీ దగ్గర ఏదో కుడుతోంది.

"సార్, నూట నలభై ఏడు లేదండి" అన్నాను.

"పోయిందా? ఎవరు ఎత్తుకెళ్లారు?"

"పోలేదండీ. అసలు లేదు. ఎప్పుడూ లేదు. దెయ్యం కథ కోసం నేను పుట్టించాను. చీటీ పెట్టెలో ఉండిపోయింది."

హెస్టర్ సూది ఆగింది. ఆయన ముఖం నా వైపు తిప్పారు.

"మళ్లీ చెప్పు."

"ఆ పుస్తకం లేదు సార్."

"సాధువు హెర్వెన్?"

"లేడు."

"తెల్ల తోలు?"

"లేదు. అది మీ ముఖం మీద చెప్పిన అబద్ధం."

ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. నాకు భయమేసింది. ఈ వయసులో, ఈ మాట తట్టుకోగలరా అనిపించింది. చివరికి, "హెస్టర్" అన్నారు.

"ఏంటి పెదనాన్నా?"

"నిన్నటి మటన్ మిగిలిందా?"

మిగిలింది. మొత్తం తిన్నారు. రొట్టె తిన్నారు. జున్ను అడిగి తిన్నారు. తింటూ నన్ను తిట్టారు. ముప్పావుగంట తిట్టారు. "చేత్తో పట్టుకోని పుస్తకం గురించి రాయొద్దని ఎన్నిసార్లు చెప్పాను రా నీకు? బుద్ధి ఉందా? పదిహేను రోజులు నన్ను నేను పిచ్చివాణ్ననుకున్నాను. రాత్రి నిద్ర పట్టక మంత్రుల పేర్లు అప్పజెప్పుకున్నాను, ఎక్కడిదాకా పోయిందో చూద్దామని. ఆ జున్ను ఇలా ఇయ్యి." నేను నిలబడే విన్నాను. కూర్చోమని ఆయన అనలేదు, నాకూ కూర్చోవాలనిపించలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఆయన దగ్గర తిన్న తిట్లలాగే ఉన్నాయి. గొంతులో అదే బలం ఉంది.

చివర్లో మూతి తుడుచుకుని, "ఇంతకీ లూడ్లో నా చేతుల మీదుగా తీసుకున్నానన్నాడే?" అన్నారు.

"అవునండీ. ఎనభై ఆరు పత్రాలుట."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. హెస్టర్ వీపు రాసింది, ఆమె కూడా నవ్వుతోంది. నాకూ ఆశ పుట్టింది. "ఆయన వచ్చాక అందరిముందూ నిలదీద్దామా సార్?" అన్నాను.

నవ్వు ఆపేశారు. "నువ్వు చేసింది నువ్వు చెప్పుకో. అతని సంగతి అతనికి వదిలెయ్. కేటలాగులో తప్పొప్పుల చీటీ అతికించు. కాలేజీలో అందరికీ నీ నోటితో చెప్పు."

"చెబితే మిగతావి కూడా ఎవరూ నమ్మరేమో సార్. పన్నెండేళ్ల పని."

"నమ్మకపోతే మరీ మంచిది. పుస్తకాలు అక్కడే ఉన్నాయిగా. వచ్చి తెరిచి చూసుకుంటారు. ఎవరూ చూడట్లేదనే కదా నా ఏడుపు."

తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. తాడు ముడి ఈసారి హెస్టర్‌ని వెయ్యమన్నారు. "గట్టిగా వెయ్యి" అన్నారు.

డిసెంబరు 19

అచ్చాఫీసుకి వెళ్లాను. ఫోర్‌మన్ నేను రాసిచ్చిన తప్పొప్పుల కాగితం రెండుసార్లు చదివాడు.

"నూట నలభై ఏడుకి బదులు ఏం వెయ్యాలండీ?"

"ఏమీ లేదు. అలాంటి పుస్తకం లేదని వెయ్యాలి."

"లేనిదాన్ని మూడు ప్రూఫుల్లో దిద్దారు కదండీ. మీ కామా కోసం నేను ఫారం మొత్తం విప్పాను."

"వేసెయ్యి నాయనా."

"పెద్దక్షరాల్లోనా, చిన్నవాటిల్లోనా?"

చిన్నవి అనబోయి పెద్దవి అన్నాను. ఇంటికొచ్చేదాకా పశ్చాత్తాపపడ్డాను.

డిసెంబరు 23

లూడ్లో దిగారు. పొడుగ్గా, సన్నగా ఉన్నారు, నేను అనుకున్నంత దుర్మార్గుడిలా లేరు. కోటు విప్పకముందే పుస్తకం చూపించమన్నారు. రేపు ఆరింటికి అందరి సమక్షంలో అన్నాను. ఆయన ముఖంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. "అందరూ దేనికి?" అన్నారు.

డిసెంబరు 24

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

చర్చిలో పాటలయ్యాక టీ దగ్గరే లూడ్లో మొదలుపెట్టారు. నేను పత్రాలు లెక్కపెట్టడంలో ఎలా పొరబడ్డానో కాలేజీ పెద్దకి వివరించారు. కత్తిగాటుకీ గోటిగీతకీ తేడా ఏమిటో గిబ్బన్స్‌కి బిస్కెట్టు మీద గీసి చూపించారు. అందరూ విన్నారు. క్రేన్ గారు హెస్టర్ చెయ్యి పట్టుకుని వచ్చి, నిప్పు దగ్గర కూర్చుని, రెండు కేకులు తిని, ఒక్క మాట మాట్లాడలేదు.

ఆరింటికి దీపాలార్పాం. కొవ్వొత్తి దగ్గరికి జరుపుకున్నాను. తలుపు వెనక మిసెస్ టిబ్బెట్ కాళ్లు కనిపిస్తున్నాయి.

"ఈ ఏడాది దెయ్యం లేదు" అన్నాను. "ఉన్నది నేనే."

నవ్వారు. నేను చదవడం మొదలుపెట్టాను. ఒక పండితుడు, చీటీల పెట్టె, కుదరని కథ, క్షవరం చేసుకుంటూ పుట్టించిన సాధువు. బాగా నవ్వారు. మూడో ప్రూఫులో కామా దగ్గర గిబ్బన్స్ కళ్లలో నీళ్లు తిరిగాయి, పదకొండేళ్లలో మొదటిసారి మెలకువగా ఉన్నాడు. కథే అనుకుంటున్నారు. పేజీ తిప్పాను. నూట నలభై ఆరు పక్కన నూట నలభై ఎనిమిది ఉండటం చదివాను. నిజాన్ని దాచి, ఒక పెద్దమనిషికి మతి పోతోందని ఆయనే నమ్మేలా చేసిన రోజులు చదివాను. నవ్వు తగ్గింది. లూడ్లో పేరు ఎక్కడా రాయలేదు. క్రేన్ గారి మాట నిలబెట్టాను.

చివర్లో కాగితం పక్కన పెట్టి, "ఇది కథ కాదు. నూట నలభై ఏడో పుస్తకం లేదు. తప్పు నాది" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. కాలేజీ పెద్ద చప్పట్లు కొట్టబోయారు. అప్పుడు క్రేన్ గారు నిప్పు వైపే ముఖం పెట్టి, "నిజమే" అన్నారు.

అంతే. ముందు కాలేజీ పెద్ద తల తిప్పారు. తరవాత గిబ్బన్స్, చేతిలో గీతలు గీసిన బిస్కెట్టుతో. ఒకరి తరవాత ఒకరు అందరూ లూడ్లో వైపు తిరిగారు. గడియారం చప్పుడు తప్ప గదిలో ఏమీ వినిపించలేదు. పదకొండేళ్లుగా నేను ఆ గదిలో పుట్టించాలని చూసిన నిశ్శబ్దం అదే. ఇప్పుడది నాకు అక్కర్లేకపోయింది.

లూడ్లో లేచి నిలబడ్డారు. వెళ్లిపోతారనుకున్నాను.

"నేను చూడలేదు" అన్నారు. "ఆ ఏడు మీ గ్రంథాలయానికి రెండు రోజులు వచ్చాను. చూసే ఉంటానని అనుకున్నాను. తరవాత చూశానని నమ్మాను." కప్పు బల్లమీద పెట్టారు. "ఎనభై ఆరన్నది... మిస్టర్ పెల్‌హామ్ ఏది రాసినా రెండు ఎక్కువే రాస్తారని నా గట్టి నమ్మకం."

గిబ్బన్స్ చేతిలోని బిస్కెట్టు జేబులో వేసుకున్నాడు.

"కూర్చో లూడ్లో" అన్నారు క్రేన్ గారు. "పెల్‌హామ్, ఆయనకి కాస్త వైన్ పొయ్యి. ఆ దీపాలు వెలిగించండి, నాకు కాదు, మీ ముఖాలు మీరు చూసుకోవాలిగా."

పోశాను. నా చేతిలోంచి గ్లాసు తీసుకుంటూ లూడ్లో, "గోటి గీతలే బాగున్నాయి" అన్నారు చిన్నగా. నేను థాంక్స్ అన్నాను.

అందరూ వెళ్లాక మిసెస్ టిబ్బెట్ కప్పులు తియ్యడానికి వచ్చింది. "అయ్యగారూ, ఇదే అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది" అంది.

డిసెంబరు 25

క్రేన్ గారింట్లో భోజనం. పదకొండింటికే రమ్మన్నారు. బాతు ఇంకా పొయ్యిలోనే ఉంది. కేటలాగు ఫారాలు, ఒక పెన్సిల్, ఒక ఖాళీ కాగితం బల్లమీద పెట్టించి ఉన్నాయి.

"ఒకటి నుంచి చదవవే హెస్టర్" అన్నారు. "నా బుర్ర ఎలా ఉందో చూసుకోవాలి."

హెస్టర్ సంఖ్యా, పేరూ చదువుతుంది, ఆయన కళ్లు మూసుకుని పుస్తకం చెబుతారు. అట్ట, మరక, చిరుగు, వాసన. ఒక్కటీ తప్పు పోలేదు. ఎనిమిది దాకా నేను ఆనందంగా తల ఊపుతూ కూర్చున్నాను.

"తొమ్మిది" అంది హెస్టర్. "గొర్రె తోలు."

"దూడ తోలు" అన్నారాయన.

"గొర్రె అని ఉందండీ పెదనాన్నా."

"ఉంటే తప్పు. పెల్‌హామ్, నువ్వు దాన్ని సాయంత్రం పూట చూసుంటావు. రాసుకో."

నిజమే. సాయంత్రం పూటే చూశాను. రాసుకున్నాను. పద్నాలుగులో ఒక పత్రం ఎక్కువ వేశానట. ఇరవై రెండులో మఠం పేరు తప్పట. ముప్ఫై ఒకటిలో, రెండు వేరు వేరు చేతిరాతల్ని ఒకడిదే అనుకున్నానట. ప్రతి తప్పుకీ ఆయన కుర్చీలో కాస్త ముందుకి జరుగుతున్నారు. చెంపలు ఎర్రబడ్డాయి. తిట్టడం కూడా మానేశారు, అంత ఉత్సాహంగా ఉన్నారు. నా తప్పులు ఒకరు ఎంచుతుంటే నాకు ఇంత సంతోషం కలగడం ఇదే మొదటిసారి. లూడ్లోకి ఒక ప్రతి పంపాలి, ఆయనకీ పండగ.

హెస్టర్ రెండుసార్లు లేచి బాతు చల్లారిపోతోందంది. "చల్లారనీ, చదువు" అన్నారు.

మూడు గంటలకి యాభై దగ్గరికి వచ్చాం. పంతొమ్మిది తప్పులు. ఒక్క వరస ఉండాల్సిన తప్పొప్పుల చీటీ రెండో పేజీలో పడింది. ఇంకా రెండు వందల అరవై రెండు పుస్తకాలున్నాయి.

కాదు, అరవై ఒకటి.